పల్నాటి విద్యార్థులకు నేరశాస్త్రము

పట్టపరీక్షకు చరిత్రయో, అర్థశాస్త్రమో చదువుచున్న విద్యార్థి దానితో పాటు నేరశాస్త్రమును గూడ అభ్యసించుట మేలా యను ప్రశ్న నరసరావుపేట, గురజాల, మాచర్ల ప్రాంతముల తలిదండ్రులకు వింతగా దోచవచ్చును. నేరములు చేయుట నేర్పు చదువా యని పరిహసించువారును గలరు. కాని యీ చదువునకు పల్నాటికంటె తగిన సీమ మన రాష్ట్రమున వేరొకటి లేదని మా యభిప్రాయము.

2024 మే 13వ తేదీ ఎన్నికలనాడును, ఆ పిమ్మటను ఈ జిల్లాలో జరిగిన దౌర్జన్యములను మా పాఠకులు మరచియుండరు. ఎన్నికల సంఘమువారు జిల్లా పోలీసు సూపరింటెండెంటును సస్పెండు చేసిరి. కలెక్టరును బదిలీ చేసిరి. ప్రత్యేక దర్యాప్తు బృందము వచ్చెను. ఇట్టి సమయములందు, కోడిపందెముతో రగిలి కారెంపూడి రణభూమిలో ముగిసిన 12వ శతాబ్దపు దాయాదుల పోరును జ్ఞప్తికి దెచ్చి, ఇది యీ నేల గుణమని తేల్చివేయుట పరిపాటియైనది. సినిమావారి సంగతి చెప్పనే యక్కరలేదు. ఆ వీరగాథయందే చాపకూడు పెట్టి సకల కులములవారిని ఒక్క పంక్తిని గూర్చుండబెట్టిన బ్రహ్మనాయుడు గలడు. అదియు నీ నేల గుణమేయని ఎవరును అనరేల?

నేల గుణము, నెత్తురు గుణము అను మాటలు ఒకనాడు శాస్త్రముగనే చెలామణియైనవి. 1876లో ఇటలీ వైద్యుడు లొంబ్రోసో, నేరస్థుడు పుట్టుకతోనే అట్టివాడనియు, పుఱ్ఱెను దవడను జూచి వానిని గుర్తింపవచ్చుననియు గ్రంథము వ్రాసెను. మన దేశమున అంతకు ముందే, 1871లో, ఆంగ్లప్రభుత్వము కొన్ని జాతులకు జాతులనే నేరస్థులుగా శాసించెను. 1911లో ఆ చట్టము మద్రాసు రాజధానికిని వ్యాపించెను. ఆ వెనుకనే మన పాత గుంటూరు జిల్లాలో, బాపట్ల చెంత, ఎరుకలవారి నుంచుటకై స్టువార్టుపురము వెలసెను. దానిని నడపిన సాల్వేషన్ ఆర్మీకి ఇండియాలో నాయకుడైన బూత్-టక్కరు, నేరమును రోగముగా నెంచి, తన పద్ధతికి ‘క్రిమినోక్యూరాలజీ’ యని పేరే పెట్టెను!

ఎరుకలవారిలో పెక్కురు అంతకు మున్ను కోస్తాయుప్పును గాడిదలపైనను ఎద్దులపైనను మెట్టసీమలకు గొనిపోయి ధాన్యమునకు మార్చుకొని బ్రదికినవారు. రైలుబండియు, ఉప్పుపై ప్రభుత్వము బిగించిన పట్టును ఆ వర్తకమును కూల్చినవి. ఈ సంగతి పుఱ్ఱెలు గొలిచిన వానికి దొరకదు. రెవెన్యూ దస్తరములను, రైలుమార్గముల చరిత్రను చదివినవానికి దొరకును. 1952లో ఆ శాసనము రద్దైనది గాని ఊరిపేరునకు అంటిన మచ్చ అంత తేలికగా పోలేదు. చరిత్రను విడిచిన నేరశాస్త్రము ఎంత కీడు చేయగలదో తెలియుటకు ఇంతకంటె దృష్టాంతమేల?

చరిత్ర నేర్పునది మఱియొకటి కలదు. అడవిలో పశువులను మేపినందుకు పుల్లరి కట్టుమనిన పల్నాటి రైతులు నిరాకరించిరి. 1922 ఫిబ్రవరిలో కన్నెగంటి హనుమంతు పోలీసుల తుపాకిగుండ్లకు బలియయ్యెను. నాటి శాసనము దృష్టిలో ఆయన నేరము చేసినవాడు. నేడు ఆయన విగ్రహమునకు పూలమాలలు వేయుచున్నాము. ఏది నేరము, దానిని నేరమని శాసించిన వాడెవడు అను విచారణ పోలీసు శిక్షణాలయమున జరుగునది కాదు. అది కళాశాలలోనే జరుగవలెను.

ఇది వింత కోరికయు కాదు. మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయమువారు 1951లోనే నేరశాస్త్రమునకు ప్రత్యేక శాఖ నేర్పరచిరి. నేడు అచ్చట బి.ఏ. విద్యార్థులు దానిని చదువుచున్నారు. మన దేశమున సాగర్ విశ్వవిద్యాలయము 1959లో ఆ బోధన నారంభించెను. మన రాష్ట్రమున 2023–24లో పట్టవిద్యకు ప్రధానవిషయముతో పాటు ఉపవిషయమును జేర్చిరి. ఆ తావున నేరశాస్త్రము నుంచినచో, 1967లో సాగరు కుడికాలువకు నీరు వచ్చిన పిదప భూముల విలువతో పాటు గ్రామకక్షల స్వరూపమెట్లు మారెనో పల్నాటి విద్యార్థియే పరిశోధింపగలడు. పై యూరివారు వచ్చి చెప్పనక్కరలేదు.

ఉద్యోగముల విషయమున ఒక్కమాట. ఈ చదువుతో సబ్‌ఇన్‌స్పెక్టరు పదవి చేతికందునని ఆశపెట్టుట మోసము. ఆ పరీక్షకు ఏ పట్టమైనను చాలును. 2024 జూలై 1న అమలులోనికి వచ్చిన నాగరిక సురక్షా సంహిత, ఏడేండ్లును అంతకు మించియు శిక్ష విధింపదగు నేరములలో ఫోరెన్సిక్ నిపుణుడు ఘటనాస్థలమునకు రావలెనని విధించినది నిజమే. కాని ఆ కొలువులకు ముఖ్యముగా రసాయన, జీవశాస్త్రములు చదివినవారు కావలెను. ఈ భేదము తెలిసికొనకయే రుసుములు చెల్లింపవలదని తలిదండ్రులకు మా మనవి.

బి.ఏ. విద్యార్థికి తగిన పని వేరే యున్నది. నేరశాస్త్రమున బాధితులను గూర్చిన భాగమొకటి కలదు. చంపినవానిపై వ్యాజ్యము ఏండ్ల తరబడి సాగును; చచ్చినవాని భార్య పొలము నిలుపుకొన్నదా, బిడ్డ బడి మానెనా యనునది ఆ దస్తరములలో నుండదు. బాధితులకు పరిహారము నొసగు నేర్పాటు 2009 నుండి శాసనమున గలదు. దానికి అర్జీ వ్రాసిపెట్టగల చదువరులు మన గ్రామములలో ఎందరు? గురజాల, మాచర్ల ప్రాంతములలో కక్షలకు గురియైన ఊళ్లు ఏవియో జనులకు తెలియును. కళాశాలలవారు మొదట ఆ యూళ్లకే తమ విద్యార్థులను పంపి, ఇంటింటి వివరములను వ్రాయింతురు గాక.