వంటింటి నూనె, ఢిల్లీ సుంకము

గృహిణి పోపునకై మూకుటిలో పోయు నూనె వెల ఢిల్లీలోను జకార్తాలోను నిర్ణయమగుచున్నదని మనలో ననేకులు గమనింపరు. 1986లో నూనెగింజల సాంకేతిక మిషన్ నారంభించి దేశమును స్వయంసమృద్ధికి చేరువచేసిన ప్రభుత్వమే 1994లో పామోలిన్ దిగుమతులకు ద్వారములు తెరచుటచే, ఆ ఫలము క్రమముగా క్షీణించి, నేడు మనము వాడు వంటనూనెలో సగమునకు మించి విదేశములనుండియే వచ్చుచున్నది. ఉక్రెయిన్ యుద్ధముచే పొద్దుతిరుగుడు నూనె కొరవడియున్న 2022 ఏప్రిలులో ఇండోనేషియా పామాయిల్ ఎగుమతులను నిలిపివేయగా, మన వీథిచివరి కిరాణాకొట్టులో ప్యాకెట్టు పట్టుకొని ధర చదివి మరల బల్లపై నుంచిన పేదరాలికి ఆ దూరదేశముల పేర్లతో పనిలేదు. అయినను శిక్ష యామెదే.

ఇక రైతు మాట. దిగుమతియగు ముడి వంటనూనెలపై మూలసుంకమును 2024 సెప్టెంబరులో సున్నానుండి 20 శాతమునకు పెంచి, 2025 మే నెలాఖరున, సరిగా ఖరీఫ్ విత్తుల ముంగిట, 10 శాతమునకు దించిరి. వానను నమ్మి ఎఱ్ఱనేలలో వేరుశెనగ విత్తు అనంతపురపు సేద్యగాడు, ఆకాశమును చూచునా, ఢిల్లీని చూచునా? విత్తువేళ సుంకము నిట్లు దించుట రైతునకు అన్యాయమని నా నిశ్చితాభిప్రాయము. విత్తుటకు ముందు ప్రకటించిన సుంకమును కాయ పెరికి మార్కెట్టు యార్డునకు చేర్చువఱకు మార్పకుండవలెను. పేదల నూనెకు వలయు రాయితీని చౌకధరల దుకాణముద్వారా ఖజానాయే భరింపవలెను.