పొయ్యి ఆరనివ్వకండి

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ!

నూనె తీశాక మిగిలే వేరుశనగ చెక్క మీకు తెలుసు. మన ఊళ్లలో పాడిగేదెకి కుడితిలో నానబెట్టి పెడతాం. సూడాన్‌లో దాన్ని ‘అంబాజ్’ అంటారు. అక్కడా అది పశువుల దాణాయే. ముట్టడిలో చిక్కుకున్న ఎల్ ఫాషర్ నగరంలో 2025లో తల్లులు ఆ దాణానే బిడ్డలకు పెట్టారు. కొన్నాళ్లకు అదీ దొరకలేదు.

వానలు లేక వచ్చిన కరువనుకుంటున్నారేమో! నీలి నైలు, తెల్ల నైలు కలిసే దేశమది. ఆ రెండు నదుల నడుమ గెజీరా కాలువల కింద లక్షల ఎకరాలు పండే నేల. జొన్న తినే జనం. మన సంకటికి చుట్టమే వాళ్ల ‘అసీదా’. 2023 ఏప్రిల్ 15న సైన్యమూ, ర్యాపిడ్ సపోర్ట్ ఫోర్సెస్ అనే సాయుధ దళమూ గద్దె కోసం కలబడ్డాయి. పొలాలు బీడుపడ్డాయి. సంతలు తగలబడ్డాయి. సాయం తెచ్చే లారీలకు దారులు మూసేశారు. 2024 ఆగస్టులో ఎల్ ఫాషర్ పక్కనే ఉన్న జంజం శిబిరంలో క్షామం వచ్చిందని నిపుణులు తేల్చారు. ఆ ఏడాది చివరికి తిండికి అల్లాడేవాళ్లు దాదాపు రెండున్నర కోట్లు. అంటే దేశంలో ఇంచుమించు సగం!

మరి ఆ దేశపు కుర్రకారు ఏం చేసింది? ఎవరి ఉత్తర్వు కోసమూ చూడలేదు. వాడవాడనా అత్యవసర సాయ బృందాలు కట్టింది. గుండిగలు పొయ్యెక్కించి, గిన్నెలతో వరసకట్టిన వాళ్లందరికీ వడ్డించింది. ఊరంతా తలో చెయ్యీ వెయ్యడాన్ని వాళ్లు ‘నఫీర్’ అంటారు. అన్నం పెట్టినందుకే కొందరు నిర్బంధాల పాలయ్యారు, కొందరు ప్రాణాలే కోల్పోయారు. 2025 మొదట్లో అమెరికా సాయం ఆగడంతో వెయ్యికి పైగా వంటశాలలు మూతపడ్డాయి. మిగిలినవి చందాల మీద నెట్టుకొచ్చాయి.

మరి మనం? 2023లో మన ప్రభుత్వం చేపట్టిన ‘ఆపరేషన్ కావేరి’ సూడాన్ నుంచి 3,800 మందికి పైగా భారతీయుల్ని ఇళ్లకు చేర్చింది. మనవాళ్లు వచ్చేశారు, సూడాన్‌ను మరిచిపోయాం.

ఆకలిగొన్నవాళ్లకు అన్నం పెట్టడం మీకు కొత్త పని కాదు. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచినప్పుడు, నీళ్లలో నడిచి అన్నం పొట్లాలు మోసిన వాళ్లలో మీ ఈడువాళ్లెందరో! ఆకలిగొన్నవాణ్ణి అప్పుడు ఊరూ పేరూ అడిగారా? ఇప్పుడు మాత్రం దేశం పేరెందుకు అడగాలి?

నెలకో బిర్యానీ మానండి. ఆ డబ్బు ప్రపంచ ఆహార కార్యక్రమం లాంటి నమ్మకమైన సంస్థకు, ఆరా తీసి మరీ పంపండి. వారానికో సూడాన్ వార్త చదివి, నిజమో కాదో చూసుకుని, తెలుగులో నలుగురికీ చెప్పండి. మీ కాలేజీలో ఓ సాయంత్రం ఆ దేశానికివ్వండి. ఓటడగడానికి వచ్చే నాయకుణ్ణి నిలదీసి అడగండి: సూడాన్ గురించి సభలో ఎప్పుడైనా నోరు విప్పారా అని!

దీంతో యుద్ధం ఆగుతుందని చెప్పను. ఒక గుండిగ కింద ఒక పూట మంట నిలుస్తుంది. అక్కడ గరిటె పట్టింది మీ ఈడువాడే. వాడి పొయ్యిలోకి ఒక్క కట్టె మీరు అందించండి!