పాత కారు లోపలి సామగ్రి: బాగుచేయుటయా, మార్చుటయా?

పాత మోటారు కారు చేతికి వచ్చినప్పుడు, అందలి చినిగిన సీట్లను, వ్రేలాడు పైకప్పు గుడ్డను, ఉబ్బిన తలుపు అట్టలను చూచి, ఇదంతయు పెరికి పారవైచి క్రొత్తది వేయింతమనుట పలువురకు వాడుకయైనది. ఈ తొందరపాటు తగదని మా యభిప్రాయము. బాగుచేయదగిన దానిని బాగుచేయవలెను; ప్రాణమునకు ముప్పు తెచ్చు దానిని మాత్రము ఆలసింపక మార్చవలెను. ఈ రెంటి భేదము నెఱుగుటయే ఇందలి వివేకము.

మన దేశమున అందఱెఱిగిన అంబాసిడరు కారునే తీసికొందము. ఇంగ్లండునందలి మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణి కారును మాదిరిగా గొని, హిందుస్థాన్ మోటార్సు వారు 1950ల చివర మొదలిడి 2014వ సంవత్సరము వఱకు బెంగాలునందలి ఉత్తరపారాలో దీనిని తయారు చేసిరి. తొలినాటి బండ్లలో గేరు పిడి స్టీరింగు కంబమునకే యుండెడిది. ముందటి సీటు ఒకే బల్లవలె నుండి మువ్వురు కూర్చుండుటకు వీలుగా నుండెను. అట్టి సీటును తీసివేసి, ఏదో క్రొత్త కారు కుర్చీలు రెండు బిగించినచో సుఖము కలుగవచ్చును. కాని ఆ బండి యెట్లు నిర్మింపబడెనో తెలుపు సాక్ష్యము నశించును. తయారీ నిలిచిపోయినది గనుక, పారవేసిన భాగము మరల దొరకుట దుర్లభము.

సీటు కుంగినంతమాత్రమున అది యంతయు చెడినట్లు కాదు. అడుగున ఇనుప చట్రము, దానిపై చుట్టల స్ప్రింగులు, వానిపై గోనెగుడ్డ, ఆపై మెత్త, అన్నిటికి పైన రెక్సిను. ఇట్లు పొరలు పొరలుగా పాత సీటు కట్టబడియుండును. ఒకటి రెండు స్ప్రింగులు విఱుగుటయో, గోనె చివుకుటయో, మెత్త అణగుటయో తఱచుగా కుంగుటకు కారణము. చెడిన పొరను మార్చిన చాలును. అంతయు తీసి మందపు ఫోము దిమ్మె నొకటి పెట్టినచో సీటు ఎత్తు పెరిగి, స్టీరింగు చక్రము తొడలకు తగులును. పై రెక్సిను పనికిరానిదైనను దానిని చింపరాదు. కుట్లు విప్పి, ఆ ముక్కలనే కొలతగా పెట్టి క్రొత్తదానిని కత్తిరింపవలెను.

మూలకారణమును వెదకక పైపై మెఱుగులు పెట్టుట మఱియొక దోషము. కుళ్లిన తివాచిని తీసి క్రొత్తది పఱచుట తేలికయే. నీరెక్కడనుండి వచ్చెనో చూడనిచో అదియు కుళ్లును. క్రింది రేకు తుప్పుపట్టి చిల్లులు పడును. ముందటి అద్దము చుట్టునుండు రబ్బరు ఎండి పగిలినదేమో, తలుపు అడుగున నీరు పోవు రంధ్రములు మట్టితో పూడినవేమో మొదట పరీక్షింపవలెను. తలుపు అట్టలుబ్బుటకును తడియే హేతువు.

పాతది పాతదిగానే యుండవలెను, దేనిని ముట్టరాదను వారును కలరు. వారితోడను మేమేకీభవింపజాలము. తొడుగు పగిలి రాగి కనబడు విద్యుత్తు తీగ, పీచులు లేచిన సీటుబెల్టు, తుప్పుచే వదులైన సీటు బిగింపులు: వీనియెడ ప్రాచీనతాభిమానము చెల్లదు. తెగిన బెల్టును కుట్టి వాడుట ప్రాణముతో చెలగాటమే.

బాగుచేయుటకు క్రొత్తదానికంటె నెక్కువ వ్యయమగునని కొందఱందురు. ఒక్కొక్కప్పుడది నిజమే. అయినను పని యంతయు ఒక్కసారిగా జరుగనక్కఱలేదు. ఈ యేడు సీటు, మఱుసటి యేడు పైకప్పు గుడ్డ చేయింపవచ్చును. అంతేకాక, సీట్లు కుట్టు నిపుణుని చేతికి పని యున్నంతవఱకే ఆ విద్య నిలుచును. అతని కొడుకును దానిని నేర్చుకొనును. అందఱమును క్రొత్తవే కొన్నచో, రేపు బాగుచేయింపదలచినను చేయువారుండరు.

విద్యార్థులారా! మీ యింట నిట్టి బండి యున్నచో మీరును తోడ్పడవచ్చును. ఏ భాగమునైనను విప్పుటకు ముందు ఛాయాచిత్రము తీయుడు. మరలను వేఱువేఱు సంచులలో వేసి, ఎక్కడివో చీటీలు వ్రాసి కట్టుడు. తీసిన భాగము పనికిరాదని తోచినను వెంటనే పారవేయక భద్రపఱచుడు. క్రొత్తది సరిగా నమరనప్పుడు, ఎట్లుండవలెనో చెప్పగలది ఆ పాత ముక్క యొక్కటియే.