అచ్చు ఒక్కసారికే
కంపెనీ కానుకలకు బస్తర్ డోక్రాను మించింది లేదు. కాకపోతే కొనేవారు తమ కొలబద్దను ఇంట్లో పెట్టి రావాలి.

కంపెనీ పేరున్న వస్తువులు కొద్దిపాటిగా చేయించుకోవాలనుకునే వారికి మొదట ఎదురయ్యే ప్రశ్న ఒకటే: కనీసం ఎన్ని కావాలి? 30 మంది ఉద్యోగులున్న సంస్థకు 30 కానుకలు చాలు. తయారీదారు మాత్రం 100కు తగ్గితే గిట్టుబాటు కాదంటాడు. అతని లెక్కలో తప్పేమీ లేదు. టీషర్టు మీద స్క్రీన్ ప్రింటింగ్‌కు ఒక్కో రంగుకు ఒక్కో తెర సిద్ధం చేయాలి. లోహపు బిళ్లకు డై కావాలి. ఆ ఖర్చు 10 వస్తువులకైనా, 1,000కైనా ఒకటే. సంఖ్య పెరిగేకొద్దీ ఒక్కోదానిపై పడే భారం తగ్గుతుంది. డిజిటల్ ముద్రణ వచ్చాక ఈ బెడద కాస్త తగ్గిందే కానీ పూర్తిగా పోలేదు.

ఈ లెక్క తలకిందులయ్యే చోటు బస్తర్. రాయ్‌పూర్ నుంచి 30వ నంబరు జాతీయ రహదారిపై వస్తుంటే జగదల్‌పూర్‌కు సుమారు 75 కి.మీ. ముందు కొండగావ్ తగులుతుంది. అదే రోడ్డు కోంటా మీదుగా విజయవాడ దగ్గరి ఇబ్రహీంపట్నం దాకా వస్తుంది. డోక్రా ఇత్తడి బొమ్మలకు, సుత్తి దెబ్బలతో మలిచే ఇనుప బొమ్మలకు పేరుమోసిన ఊరది. జయదేవ్ బఘేల్ వంటివారు ఇక్కడి డోక్రాను విదేశీ ప్రదర్శనల దాకా తీసుకెళ్లారు. 2025 ఫిబ్రవరిలో ప్రధాని నరేంద్ర మోదీ ఫ్రాన్స్ అధ్యక్షుడు ఇమ్మాన్యుయేల్ మాక్రాన్‌కు ఇచ్చిందీ ఛత్తీస్‌గఢ్ డోక్రా ప్రతిమనే. ప్రధాని కానుకగా ఇచ్చినదాన్ని కంపెనీలు మాత్రం ఎందుకు వద్దంటాయి?

గఢ్వా కళాకారుల పనిలో శాశ్వతమైన అచ్చు అంటూ ఉండదు. మట్టిలో వరి పొట్టు కలిపి ముందుగా బొమ్మ ఆకారం చేస్తారు. దానిపై తేనెమైనపు దారాలను ఒక్కొక్కటిగా చుడతారు. కళ్లు, నగలు, అంచులు అన్నీ ఆ దారాలే. పైన మెత్తటి మట్టి, ఆపైన ముతక మట్టి పూసి ఆరబెడతారు. కొలిమిలో మైనం కరిగిపోతుంది. అది ఖాళీ చేసిన చోటులోకి కరిగిన ఇత్తడి చేరుతుంది. చల్లారాక మట్టిని పగలగొడితే బొమ్మ బయటికొస్తుంది. అచ్చు మాత్రం మట్టిలో కలుస్తుంది. మొహెంజొదారో నాట్యకత్తె కూడా మైనం కరిగించే పద్ధతిలో పుట్టినదే.

దీంతో కొనేవారికి ఒక లాభం, ఒక నష్టం. డై ఖర్చు లేదు కాబట్టి ఐదు బొమ్మలైనా అడగొచ్చు. అయితే వందో బొమ్మకు కూడా మొదటి దానికి పట్టినంత మైనం, ఇత్తడి, చాకిరీ పడతాయి. సంఖ్య పెంచి ధర దించమనే బేరం ఇక్కడ అర్థం లేనిది. అయినా దించమని పట్టుబడితే తగ్గేది లోహం, లేదా పనితనం, లేదా ఇంటిల్లిపాది కూలి. ఇత్తడికి మైనం కంటే దాదాపు 9 రెట్ల బరువు. అంటే చుట్టిన మైనాన్ని తూస్తే ఎంత లోహం పడుతుందో ముందే తేలుతుంది. బేరమాడేవారు ముందుగా అడగాల్సింది ఈ లెక్క.

లోగోది మరో తంటా. మైనపు దారంతో అక్షరాలు రాయొచ్చు. కానీ సన్నటి గీతలు, చిన్న అక్షరాలు పోతపోసేసరికి ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. రంగులైతే అసలే కుదరవు. కంప్యూటర్ తెరపై గీసిన గుర్తును ఉన్నదున్నట్టు ఇత్తడిలో చూపమనడం కళాకారుడిని జిరాక్సు యంత్రంగా మార్చడమే. తెలివైన దారి ఒకటుంది. బొమ్మను బొమ్మలా వదిలేసి, కంపెనీ పేరును కింది చెక్క పీటపై పలకగా బిగించడం.

అన్నింటికంటే పెద్ద చిక్కు గడువుది. కార్పొరేట్ కానుకలకు అసలు సీజను దీపావళి. అప్పటికి సరుకు చేతికందాలంటే బస్తర్‌లో పని జరగాల్సింది వానాకాలంలో. మట్టి పూత ఆరనిదే పోత పోయలేరు. తడి మిగిలితే అచ్చు బీటలు వారుతుంది. అప్పటిదాకా పెట్టిన శ్రమంతా వృథా. సెప్టెంబర్‌లో మేల్కొని అక్టోబర్‌లో 100 బొమ్మలు కావాలనే కొనుగోలుదారు తన ఆలస్యానికి మూల్యాన్ని కొలిమి దగ్గరి మనిషితో కట్టిస్తున్నట్టే. ఎండాకాలంలోనే ఆర్డరు, దానితోపాటు ముడిసరుకుకు సరిపడా అడ్వాన్సు ఇస్తే ఈ గొడవలో సగం ఉండదు.

బస్తర్ డోక్రాకు 2008లో భౌగోళిక గుర్తింపు దక్కింది. ఆ పేరును ఎక్కడ పడితే అక్కడ పోసిన ఇత్తడికి తగిలించడం చట్టానికి విరుద్ధం. 2018లో గుర్తింపు పొందిన ఆదిలాబాద్ డోక్రాకూ, అక్కడి ఓజాలకూ ఇదే రక్షణ వర్తిస్తుంది. కానీ చట్టాన్ని కొనుగోలుదారులే నీరుగార్చగలరు. 100 బొమ్మలూ ఒకే ఎత్తులో, ఒకే ముఖంతో కావాలని పట్టుబడితే వారి కోరిక తీర్చగలిగేది శాశ్వతమైన అచ్చున్న కార్ఖానాయే. దళారి అక్కడికే వెళ్తాడు. బస్తర్ పేరుతో బిల్లు వస్తుంది, బస్తర్‌కు పని రాదు.

అందుకే ఆర్డరు కాగితంలో 'అన్నీ ఒకేలా ఉండాలి' అనే షరతుకు బదులు ఎత్తుకూ బరువుకూ కాస్త వెసులుబాటు రాసుకోవాలి. బొమ్మల మధ్య తేడాను లోపంగా కాదు, చేతిపనికి రుజువుగా చూడాలి. పెట్టెలో కంపెనీ చైర్మన్ సందేశానికి చోటున్నప్పుడు, చేసినవారు ఒప్పుకుంటే వారి పేరుకూ ఊరికీ ఒక వాక్యం కేటాయించడం పెద్ద ఖర్చేమీ కాదు. కానుక అందుకున్నవారు లోగోను మర్చిపోవచ్చు. ఆ చీటీ చూసి కొండగావ్‌కు మరో ఆర్డరు పంపేవారు ఒక్కరున్నా చాలు, కొలిమి ఇంకొన్నాళ్లు వెలుగుతుంది.