మాటతో ముగియని వైద్యం

“బరువు తగ్గించుకోండి.” నేటి వైద్యశాలలలో తరచుగా వినవచ్చే మాట ఇది. మందుచీటీలో మాత్ర పేరు, మోతాదు, వేసుకోవలసిన వేళ వివరంగా ఉంటాయి. బరువు విషయంలో మాత్రం ఆ ఒక్క వాక్యమే మిగులుతుంది. ఎంత తగ్గాలో, ఎలా తగ్గాలో, ఎవరు తోడ్పడతారో రోగికి తెలియదు. మరుసటిసారి బరువు తగ్గకపోతే నింద మాత్రం అతనిదే అవుతుంది. ఉపాయం చూపని ఉపదేశం చికిత్స అనిపించుకోదు.

స్థూలకాయం నేటి సమస్య మాత్రమే కాదు. చరక సంహిత సూత్రస్థానం దానిని ప్రత్యేకంగా చర్చించింది. స్థూలతను వదిలించుకోగోరేవారు వ్యాయామాదులను క్రమక్రమంగా పెంచుకోవాలని బోధించింది. ఆ క్రమమే ఇక్కడ కీలకం. ఏళ్ల తరబడి పాతుకుపోయిన అలవాట్లు ఒక్కనాటి హెచ్చరికతో మారవు.

ఆధునిక పరిశోధన కూడా ఈ సత్యాన్నే బలపరచింది. మధుమేహం వచ్చే ప్రమాదమున్న 3,234 మందిపై అమెరికాలో జరిగిన అధ్యయన ఫలితాలు 2002లో వెలువడ్డాయి. అందులో ఒక వర్గానికి శరీర బరువులో 7 శాతం తగ్గడం, వారానికి 150 నిమిషాలు శారీరక శ్రమ చేయడం లక్ష్యాలుగా నిర్ణయించారు. శిక్షణ పొందిన మార్గదర్శకులు తొలి 24 వారాలలో వారికి 16 పాఠాలు బోధించారు. మందులేని మాత్ర తీసుకున్నవారితో పోలిస్తే ఈ వర్గంలో మధుమేహం 58 శాతం తగ్గింది. మెట్‌ఫార్మిన్ వాడినవారిలో తగ్గుదల 31 శాతమే. 2006లో వెలువడిన చెన్నై పరిశోధకుల అధ్యయనంలోనూ జీవనశైలి మార్పు వల్ల మధుమేహం 28.5 శాతం తగ్గింది. అమెరికాలో వృద్ధుల ప్రభుత్వ బీమా పథకమైన మెడికేర్ 2018లో ఇటువంటి శిక్షణకు రుసుము చెల్లించడం ప్రారంభించింది. అంటే, మార్గదర్శనం కూడా వైద్యసేవగా గుర్తింపు పొందింది.

రద్దీగా ఉండే మన ఆసుపత్రులలో వైద్యునికి ఇంత తీరిక ఎక్కడిదని కొందరు ప్రశ్నిస్తారు. ప్రశ్న సమంజసమే. కాని ఈ పనికి ప్రతిసారీ వైద్యుడే అవసరం లేదు. ప్రాథమిక ఆరోగ్య వ్యవస్థలో 30 ఏళ్లు పైబడినవారికి మధుమేహ, రక్తపోటు పరీక్షలు చేసే విధానం ఇప్పటికే ఉన్నది. ఏ.ఎన్.ఎం.లు, ఆశా కార్యకర్తలు ఇంటింటికీ పరిచితులు. వారికి తగిన శిక్షణ, అదనపు పనికి తగిన పారితోషికం ఇవ్వాలి. కంచంలో అన్నం తగ్గించి పప్పు, కూరలు పెంచడం, రోజూ నడవడం, నెలనెలా బరువు నమోదు చేయడం వంటివి వారి పర్యవేక్షణలో సాగవచ్చు. వ్యాధిని గుర్తించి ఊరుకోవడం కన్న దానిని నివారించడానికి తోడ్పడటం మేలు కదా!

బరువు తగ్గించే మందులు ఎన్ని వచ్చినా ఆహార నియమం, వ్యాయామం అవసరం తీరిపోదు. అందుచేత మందుతో పాటు మార్గదర్శనమూ మందుచీటీలో చోటు చేసుకోవాలి. దారి చూపడమే కాక, కొంతదూరం తోడుగా నడిచినప్పుడే వైద్యం సార్థకమవుతుంది.