పాత బ్యాటరీని గల్లీలో పగలగొట్టనివ్వొద్దు

వరంగల్, హనుమకొండ, కాజీపేట ప్రజలారా!

ఆటో స్టాండ్ పక్కనో, ఇన్వర్టర్లు బాగుచేసే షాపు ముందో ఈ పని మీరు చూసే ఉంటారు. చచ్చిపోయిన బ్యాటరీని బోర్లించి ఆసిడ్‌ను మోరీలోకి వదులుతారు. గొడ్డలితో మూత పగలగొట్టి, లోపలి ప్లేట్లను వట్టి చేతులతో లాగి గోనెసంచిలో వేస్తారు. రాలిన బూడిదరంగు పొడిని చీపురుతో రోడ్డు మీదికి ఊడుస్తారు. అవే చేతులతో చాయ్ గ్లాసు అందుకుంటారు. సాయంత్రం అదే అంగీతో ఇంటికి పోయి చంటిబిడ్డను ఎత్తుకుంటారు.

ఆ పొడి సీసం. బ్యాటరీ బరువులో సగానికి పైగా అదే ఉంటుంది. 327 డిగ్రీల వేడికే కరుగుతుంది కాబట్టి మామూలు పొయ్యి మీద, ఇనుప మూకుడులో కరిగించే వాళ్లూ ఉన్నారు. పొగ గాలిలో కలుస్తుంది, దుమ్ము మట్టిలో నిలుస్తుంది. అది కుళ్లేది కాదు, కాలిపోయేది కాదు. వానొస్తే మోరీలోంచి నాలాకు, నాలాలోంచి చెరువుకు చేరి అడుగు బురదలో కూర్చుంటుంది. కాకతీయుల నాటి నుంచి చెరువుల మీద బతికిన ఊరు మనది. భద్రకాళి చెరువు పూడిక తీయడానికి ఎంత కష్టపడ్డామో కళ్లారా చూశాం. ఆ బురదలోకి మళ్లీ విషం పంపుదామా?

పెద్దల కంటే పిల్లల ఒంటికి సీసం నాలుగైదు రెట్లు ఎక్కువగా పడుతుంది. కాల్షియం తక్కువున్న, రక్తం తక్కువున్న పిల్లలకు ఇంకా ఎక్కువ. అంటే పేదింటి బిడ్డకే ముందు దెబ్బ. అది ఎముకల్లో ఏళ్ల తరబడి దాగి, ఎదిగే మెదడును దెబ్బతీస్తుంది. జ్వరం ఉండదు, దద్దురు ఉండదు. చదువు తలకెక్కదు, అంతే. బడిలో 'మొద్దు' అని పేరు పెడతారు. రక్తంలో ఇంత సీసం ఉన్నా ఫర్వాలేదు అనదగ్గ మోతాదే లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. ప్రపంచంలో ప్రతి ముగ్గురు పిల్లల్లో ఒకరి రక్తంలో ఇది ప్రమాదకరంగా ఉందని 2020లో యునిసెఫ్ నివేదిక లెక్కగట్టింది.

అదే ఏడాది డిసెంబరులో ఏలూరులో ఆరు వందల మందికి పైగా మూర్ఛలతో ఆసుపత్రికి చేరారు. ఢిల్లీ ఎయిమ్స్ పరీక్షల్లో రక్తంలో సీసం, నికెల్ కనిపించాయి. పురుగుమందులనూ అనుమానించారు. జనం పడిపోయాక గానీ అక్కడ రక్తం పరీక్షించలేదు. మనం అంతదాకా ఆగొద్దు.

బ్యాటరీ పగలగొట్టే అన్న మీద మాకు కోపం లేదు. అందరికంటే ముందు ఆ విషం తాగుతున్నది ఆయనే. తప్పంతా ఏర్పాటు లేకపోవడంలో ఉంది. పాత బ్యాటరీలను డీలర్లు వెనక్కి తీసుకోవాలని 2001 నుంచే నిబంధన ఉంది. 2022 నిబంధనలు ఆ బాధ్యతను తయారీ కంపెనీల నెత్తిన పెట్టాయి. బ్యాటరీలు, ట్యూబ్‌లైట్లు, పెయింట్ డబ్బాల లాంటి ఇంటి ప్రమాదకర చెత్తకు ప్రతి 20 చదరపు కిలోమీటర్లకు ఒక సేకరణ కేంద్రం ఉండాలని 2016 నిబంధనలు చెప్పాయి. మన కార్పొరేషన్ విస్తీర్ణం సుమారు 407 చదరపు కిలోమీటర్లు. లెక్కన కనీసం ఇరవై కేంద్రాలు రావాలి. మీ ఇంటికి దగ్గరున్నది ఎక్కడో చెప్పగలరా?

కార్పొరేషన్‌ను అడిగేది ఇదే: ఆ ఇరవై కేంద్రాలు తెరవండి. బ్యాటరీ షాపులన్నిటినీ నమోదు చేసి, ఆసిడ్‌తో సహా పగలని బ్యాటరీని మాత్రమే అనుమతి ఉన్న రీసైక్లర్‌కు పంపించేలా చూడండి. ఈ పనిలో ఉన్నవాళ్లకు, వాళ్ల పిల్లలకు ప్రభుత్వాసుపత్రిలో ఉచితంగా రక్త పరీక్ష చేయించండి. చేతకాని పనేం కాదు. 2012 అక్టోబరులో తడి చెత్త, పొడి చెత్త వేరుచేసి చూపించింది ఈ ఊరే. రాష్ట్రం నలుమూలల నుంచి మున్సిపల్ సిబ్బంది వచ్చి ఇక్కడ నేర్చుకున్నారు.

ఇంట్లో కూడా జాగ్రత్త కావాలి. మెరిసే పసుపుపచ్చ రంగు కోసం పసుపులో లెడ్ క్రోమేట్ కలిపే మోసగాళ్లున్నారు. పసుపు కొమ్ములు కొని మర పట్టించుకోండి. బంగ్లాదేశ్‌లో 2019లో దాదాపు సగం పసుపు నమూనాల్లో సీసం దొరికింది. ప్రభుత్వం గట్టిగా పట్టుకుంటే రెండేళ్లలో ఒక్కదాంట్లోనూ దొరకలేదు. ఇంటికి రంగులేయిస్తుంటే సీసం 90 పీపీఎం దాటలేదని డబ్బా మీద రాసి ఉందో లేదో చూడండి. పాత పెయింటును పొడిగా గీకొద్దు, తడిపి గీకండి. వినాయకుణ్ని మట్టితోనే చేయించండి, సీసం ఉండే రసాయన రంగులు పూయించొద్దు.

అన్నిటికంటే ముందు, పాడైన బ్యాటరీని ఓ యాభై రూపాయలు ఎక్కువ వస్తాయని తుక్కు బండికి వేయకండి. కొత్తది కొన్న షాపులోనే ఇచ్చి రసీదు తీసుకోండి. వచ్చే సోమవారం ప్రజావాణికి మీ గల్లీ నుంచి నలుగురు రండి. ఈ కాగితం వెనుక మీ డివిజన్ నంబరు రాసి, సంతకం చేసి, అక్కడ ఇచ్చే అర్జీకి జత చేయండి.