పొడి రాలితే పొయ్యి ఆగుద్ది!

మొన్న జనవరిలో జర్మనీ నుంచి ఫ్రెండ్ వీడియో కాల్ చేశాడు. ఒంటి మీద రెండు స్వెట్టర్లు. "మామా, పెల్లెట్ స్టవ్ ఆగిపోయింది రా. ఏదో ఎర్రర్ చూపిస్తోంది" అన్నాడు. ఎర్రర్ అంటే చాలు, మావాళ్లకి నేనే గుర్తొస్తా. తీరా చూస్తే తప్పు స్టవ్‌ది కాదు, పక్కనున్న బస్తాది. చవగ్గా వచ్చాయని లేబుల్ లేని పెల్లెట్లు కొన్నాడు. బస్తా అడుగున బెత్తెడు మందాన పొడి!

వుడ్ పెల్లెట్ అంటే పశువుల దాణా గుళికలా కనిపించే చెక్క గుళిక. రంపపు పొట్టుని తేమ పది శాతం దగ్గరికి దిగేదాకా ఆరబెడతారు. మెత్తగా చేసి, కాస్త ఆవిరి పట్టించి, సన్నని రంధ్రాలున్న ఉక్కు అచ్చులోంచి బలంగా తోస్తారు. ఆ ఒత్తిడికి, రాపిడికి వేడి పుట్టి చెక్కలోనే ఉండే లిగ్నిన్ మెత్తబడుతుంది. చల్లారాక బిగుసుకుంటుంది. జిగురు అదే. ఒక గుళికని గ్లాసు నీళ్లలో వేసి చూడండి. మునిగి, ఉబ్బి, మళ్లీ పొట్టైపోతుంది. అందుకే బస్తాకి తడి తగలకూడదు.

మరి మంచిదో కాదో ఎలా తేలుస్తారు? యూరప్‌లో ఈఎన్‌ప్లస్ అనే సర్టిఫికెట్ ఉంది. అందులో ఏ1 గ్రేడ్ రావాలంటే తేమ 10 శాతం, బూడిద 0.7 శాతం దాటకూడదు. మన కరెంటు బిల్లు లెక్కలో చెప్పాలంటే, కిలోకి కనీసం 4.6 యూనిట్ల వేడి రావాలి.

అసలు పరీక్ష గట్టిదనానిది. మేం యాప్‌కి లోడ్ టెస్టింగ్ చేసినట్టే! అరకిలో పెల్లెట్లని పెట్టెలో వేసి 500 చుట్లు తిప్పి, జల్లెడ పడతారు. 98 శాతం నిలవాలి. అంటే పది గ్రాములకు మించి రాలకూడదు. పొడి ఎక్కువైతే పెల్లెట్లని లోపలికి నెట్టే స్క్రూ దగ్గర పేరుకుపోతుంది. మావాడి స్టవ్‌లో జరిగింది అదే.

బూడిదతో ఇంకో తలనొప్పి. బెరడు, ఇసుక కలిస్తే అది పెరుగుతుంది, ఒక్కోసారి కరిగి పెంకులా గట్టిపడుతుంది. మన రైస్ మిల్లుల ఊకతోనూ గుళికలు చేస్తారు గానీ, ఊకలో బూడిద 15 నుంచి 20 శాతం. టన్ను కాలిస్తే 150 కిలోలకు పైనే మిగులుతుంది. ఏ1 చెక్కకైతే 7 కిలోలు దాటదు. ఊక గుళికలు పెద్ద బాయిలర్లకి ఓకే, ఇంటి స్టవ్‌కి కాదు.

"అయితే ఈసారి ఏ1వే టన్ను కొని సెల్లార్‌లో పోయించేస్తా" అన్నాడు. ఆగమన్నా. అంత సరుకు మూసిన గదిలో ఉంటే నిప్పు లేకుండానే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. వాసన రాదు, రంగు ఉండదు. యూరప్‌లో ఇలాంటి గదుల్లోకి వెళ్లి చనిపోయినవాళ్లున్నారు. ఈ విషయంలో ఏ1 లేబుల్ కాపాడదు. గదికి గాలి బాగా ఆడాలి. తలుపు తీసి కాసేపు ఆగాకే లోపలికి వెళ్లాలి, అదీ బయట ఒక మనిషిని పెట్టుకుని.